కిటికీ దగ్గరి కుర్చీ

సన్నాయి అసలు పేరు వేరు. చిన్నప్పుడు ఏడుపందుకుంటే వీధి చివరిదాకా వినిపించేదని వాళ్ళక్క పెట్టిన పేరది. పెద్దయ్యాక ఏడవడం మానేసినా పేరు మాత్రం వదల్లేదు.

ఆహార శాస్త్రంలో పైచదువుకని పరదేశం వచ్చిన తొలి ఏడాది, యూనివర్సిటీ వాళ్ళు విదేశీ విద్యార్థులందరినీ బస్సెక్కించి కొండ ఊళ్ళోని జానపద కళాకేంద్రానికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారని విని సన్నాయి బయలుదేరింది.

"ఫ్రీ అంటే ఫినాయిలైనా వదలవు కదే," అంది అక్క ఫోన్లో.

పెట్టింది ఫినాయిలు కాదు గానీ, మొదటి చెంచాకి దానికి దగ్గరి చుట్టంలాగే అనిపించింది. విరిగిన పాల నీళ్ళలో ఉడికించి, పులియబెట్టిన బార్లీ జావ. పైన పొగబెట్టిన ముల్లంగి ముక్కలు. రెండో చెంచాకి నాలుక ఊరుకుంది. హాస్టల్ చప్పిడి తిళ్ళతో చచ్చుబడిన నోటికి ఆ పులుపు తగిలేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. గిన్నె గీకి మరీ తింది. అప్పుడే ఎవరో ఫోటో తీశారు. ఇంకెవరో రెండో చేతిలో కుంచె పెట్టి, వెనకాల రంగుల పళ్ళెం నిలబెట్టి, నవ్వమన్నారు. నవ్వింది. తర్వాతి ఏడాది విదేశీ విద్యార్థులను పిలిచే పోస్టర్ల మీదా, కళాకేంద్రం పోస్టరు మీదా అదే నవ్వు.

తక్కినవాళ్ళు దుకాణంలోకి పోతే సన్నాయి పెద్ద కిటికీ దగ్గర ఆగిపోయింది. అక్కడ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని చెక్క పళ్ళెం మీద పిట్టను వేస్తోంది. పిట్ట తోక సాగిసాగి తీగయిపోతోంది, ఆ తీగ చివర మళ్ళీ ఒక పిట్ట.

"ఇవేం రంగులండీ?" అని అడిగింది సన్నాయి.

"వంటింటివే. పాలు విరగ్గొడితే నీళ్ళు జావలోకి పోతాయి. మిగిలిన ముద్దలో సున్నం కలిపితే రంగు పట్టుకుంటుంది."

క్లాసులో బోర్డు మీద చూసిన పాల మాంసకృత్తు ఇక్కడ పిట్టయి కూర్చుందని సన్నాయికి ఒళ్ళు పులకరించింది. కదలకుండా నిలబడింది.

"చూస్తూ నిలబడితే కాళ్ళు పీకుతాయి. కూర్చుని ఈ సున్నం కలుపు," అంది ముసలావిడ.

ఆ తర్వాత శనివారాలన్నీ అక్కడే. ఆమెను పెద్దమ్మా అని పిలవసాగింది. ఆ మాటకి అర్థమేమిటని ఆమె అడిగితే, అమ్మకి అక్క అని చెప్పింది.

"అయితే మీ అమ్మ నన్ను చూడకుండానే చెల్లెలైపోయిందన్నమాట," అని నవ్వింది పెద్దమ్మ.

చాలా రోజులు గీతలే గీయించింది. గీత వంకర పోతే, "నీ పిట్టకి చలిజ్వరమొచ్చిందే, కప్పు ఏదైనా," అనేది. కేంద్రం వంటింట్లో వంటామె సన్నాయి చేతికి గరిటె ఇచ్చి, జావ ఎప్పుడు దించాలో ముక్కుతో కనిపెట్టడం నేర్పింది. ముల్లంగి పొగ బట్టలకి పట్టి, బస్సులో పక్కసీటు ఖాళీగా ఉండిపోయేది. సన్నాయికి అదీ బాగానే ఉండేది. కాళ్ళు చాపుకోవచ్చు కదా.

రెండో ఏడు వచ్చేసరికి పెద్దమ్మ చెయ్యి వణకసాగింది. కిటికీ దగ్గర ఆమె కుంచె పట్టుకుని కూర్చునేది. వెనక గదిలో సన్నాయి పళ్ళేలు వేసేది. వచ్చినవాళ్ళు ముందు ముసలావిడను చూసి, తర్వాత దుకాణంలో పళ్ళేలు కొనుక్కుని పోయేవారు. సాయంత్రం పెద్దమ్మ వెనక గదిలోకి వచ్చి, "ఇవాళ నా పిట్టలు ఎగిరిపోయేట్టున్నాయన్నారు," అనేది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవారు.

చదువు చివరికొచ్చింది. "నా తర్వాత ఈ కుర్చీ నీదే. నేను మాట్లాడతాగా," అంది పెద్దమ్మ.

సన్నాయి నమ్మింది. అక్కకీ చెప్పేసింది.

"అంత చదువూ చదివి పళ్ళేలకి రంగులేస్తావా?"

"వేస్తాను."

"సరేలే, నీ ఇష్టం. నాకు మాత్రం ఒక జత పంపు, గోడకి తగిలిస్తా."

కేంద్రం డైరెక్టరు మర్యాదస్తుడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు. సన్నాయి వేసిన పళ్ళేన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"పనిలో వంక పెట్టడానికి లేదమ్మా. కానీ ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ కొండ మనిషిని చూద్దామని వస్తారు. నువ్వు కూర్చుంటే వాళ్ళు... ఏమనుకుంటారో నువ్వే ఆలోచించు."

"పోస్టర్ మీద నేనే ఉన్నాను కదండీ."

"అక్కడ అతిథివి కదమ్మా."

ఆయన గొంతు తగ్గించి, వంటింట్లో మనిషి కావాలన్నాడు. "జావ నీ అంత బాగా ఎవరికీ కుదరదట. లోపల పని గనక ఇబ్బందేమీ ఉండదు." ఇంకో మాట కూడా అడిగాడు. పాత పోస్టరు వెలిసిపోయింది, కొత్తదానికి ఇంకో ఫోటో ఇవ్వగలవా అని.

"ఆలోచించి చెప్తానండి," అని లేచింది సన్నాయి. కాఫీ ముట్టలేదు.

పెద్దమ్మ ఏదో ఒకటి చేస్తుందనుకుంది. ఆయన గదిలోకి వెళ్ళి నాలుగు దులిపేస్తుందనుకుంది. పెద్దమ్మ ఆ శనివారమంతా కుంచెలు కడుగుతూ కూర్చుంది. కడిగినవే మళ్ళీ కడిగింది. చివరికి తలెత్తకుండానే అంది.

"నా మనవరాలిని పెడతామంటున్నారు."

"మనవరాలికి వచ్చా?"

"కుంచె పట్టుకోవడం కూడా రాదు." చేతిలో కుంచె విదిలించింది. "నువ్వు నేర్పుతావా?"

సన్నాయి కాదనడానికి నోరు తెరిచింది. వణుకుతున్న ఆ చేతిని చూసి, "నేర్పుతాలే," అనేసింది.

మనవరాలు చెడ్డదేం కాదు. పైపెచ్చు ఉన్నదున్నట్టు మాట్లాడే పిల్ల. వెనక గదిలో రోజంతా గీతలు గీసి, మెటికలు విరుచుకుంటూ, "నాకిది ఇష్టం లేదక్కా. ఆ జావ వాసన కూడా పడదు నాకు. నువ్వే కూర్చోవచ్చుగా?" అంది.

"నన్ను కూర్చోనివ్వరు."

"ఎందుకని?"

"మీ అమ్మమ్మనడుగు."

ఆ పిల్ల అడిగిందో లేదో సన్నాయికి తెలియదు. పిట్ట ముక్కు, రెక్క, తోక దాకా నేర్పింది. తీగ దగ్గరికొచ్చేసరికి ఓపిక చచ్చిపోయింది. ఒక శనివారం బస్సెక్కకుండా గదిలోనే పడుకుంది. అలా వెళ్ళడం మానేసింది. నగరంలో ఒక పాల డెయిరీ ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. వచ్చిన పాలల్లో పులుపెంతుందో చూసి రాయడం పని.

ఒకసారి గదిలో జావ కాచుకుంది. సరిగ్గా కుదిరింది. కుదిరినందుకే ఒళ్ళు మండి, గిన్నెడు జావా సింకులో పారబోసింది. అక్క పళ్ళేల సంగతి అడిగితే, "దారిలో పగిలిపోతాయే," అంది. చెక్క పళ్ళెం ఎలా పగులుతుందని అక్క అడగలేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఫోను చేసింది. సన్నాయి చేతిలో సీసా పక్కన పెట్టి వరండాలోకి వచ్చింది.

"ఎరుపు నిలవట్లేదే. ఆరగానే పొట్టులా రాలిపోతోంది."

"సున్నం పాతదై ఉంటుంది పెద్దమ్మా. కొత్తది కలపమను."

"ఎవరిని కలపమనను? పిల్ల మానేసి చెప్పుల దుకాణంలో చేరింది."

"మరెవరు వేస్తున్నారు?"

"నేనే. వేస్తున్నట్టు కూర్చుంటున్నా." ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "నువ్వొచ్చెయ్యవే. ఎప్పట్లా వెనక గదిలో కూర్చుందువుగాని. ఎవరూ చూడరు."

లోపలెవరో సన్నాయిని పిలిచారు. ఆమె వినిపించుకోలేదు.

"ఒక్కటి చెప్పు పెద్దమ్మా. నా కోసం ఆయన్ని ఒక్క మాటైనా అడిగావా?"

"అడుగుదామనే వెళ్ళాను. మనవరాలి పేరు ఆయనే ఎత్తాడు. ఆ మాట వినేసరికి నాకూ బాగానే ఉందనిపించింది. మా రక్తమే కదా అనిపించింది. ఇంక అడగలేదు."

"నిజం చెప్పావు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"రావా మరి?"

"రాను పెద్దమ్మా."

సున్నం ఎంత, ముద్ద ఎంత, ఎంతసేపు నూరాలో మాత్రం సన్నాయి నిదానంగా చెప్పింది. పెద్దమ్మ ప్రతి ముక్కా పైకి అనుకుంటూ విన్నది. ఆవిడకి అదంతా తెలుసునని ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మే ముందు ఫోను పెట్టేసింది.

మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. ఎండాకాలంలో కేంద్రం వంటామె నగరంలో కనిపించి, పెద్దమ్మను కొడుకు తనతో తీసుకెళ్ళిపోయాడనీ, దుకాణంలోకి ఇప్పుడు పళ్ళేలు ఎక్కడో అచ్చువేసి తెస్తున్నారనీ చెప్పింది. కొడుకుది ఏ ఊరో తనకి తెలుసంది. సన్నాయి అడగలేదు.