వెంట్రుక మందం సందు

మస్కట్‌కు దూరంగా ఎడారి ఊరు ఇబ్రిలో పంపుసెట్ల షాఫ్టులు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో వీరబ్రహ్మం లేతు మీద పనిచేసే టర్నరు. కడప నుంచి వచ్చి పదకొండేళ్లు. యజమాని, పనివాళ్లు అర్బాబ్ అని పిలిచే హమూద్, అరవై దాటిన మనిషి. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, లైసెన్సు రైఫిల్‌తో గురి చూసి కొట్టడం. ఖాళీ ఇత్తడి తొడుగుల్లో మందు పోసి, కొసన బుల్లెట్ బిగించి, తూటాలు కూడా ఇంట్లో తనే నింపుకునేవాడు. కొన్న తూటా ఆయన కంటికి ఆనేది కాదు.

ఈమధ్య తుపాకీకి కొత్త గొట్టం వేయించాడు. అందులో తూటా కూర్చునే గూడు బాగా ఇరుకు. గురి బాగా కుదురుతుందని ఏరి కోరి అలా చేయించాడు. అందుకని ఇత్తడి తొడుగుల మెడలను లేతు మీద పలచగా చెక్కే పని వీరబ్రహ్మానికి అప్పగించాడు. నింపిన తూటా మెడకూ గూటి గోడకూ మధ్య వెంట్రుక మందమైనా సందు ఉండాలి. మందు అంటుకోగానే మెడ ఉబ్బి బుల్లెట్‌ను వదలాలి. ఉబ్బడానికి చోటు లేకపోతే ఒత్తిడి తుపాకీనే చీలుస్తుంది.

ఆ గురువారం యాభై తొడుగులు చెక్కాలి. నలభై అయ్యేసరికి ఏదో సైట్ వాళ్లు షాఫ్టు కోసం వచ్చి కూర్చున్నారు. చివరి పదీ గబగబా చెక్కేశాడు, కొలవలేదు.

"అన్నీ కొలిచావా?" హమూద్ హిందీలో అడిగాడు.

"కొలిచాను, అర్బాబ్."

నలభై సరిగ్గా వచ్చాక ఆ పదీ ఎటు పోతాయిలే అనుకున్నాడు.

శనివారం పొద్దున గురి సాధన చేసే రేంజ్‌లో తుపాకీ బోల్టు దగ్గర పగిలింది. హమూద్ కుడి కన్ను పోయింది. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్లారు. మందు ఎక్కువ పోసి ఉంటానని, వయసు మీదపడి చేయి అదుపు తప్పిందని హమూద్ తనే చెప్పాడట.

ఇంట్లో మిగిలిన ఆరు తూటాలను విప్పేయమని ఆయన తమ్ముడు షాపుకు తెచ్చాడు. వీరబ్రహ్మం ముందు మెడలు కొలిచాడు. నాలుగింటికి సందే లేదు. లేతు దగ్గరికి వెళ్లి చూస్తే కోత పనిముట్టు మొన అరిగి ఉంది; చివరి మెడలు తగినంత పలచబడలేదు.

రూమ్‌లో దస్తగిర్‌కు చెప్పాడు. అతనిదీ కడపే, నీళ్ల ట్యాంకరు తోలుతాడు.

"నోరు మూసుకోని ఉండన్నా. వాళ్లే మందు ఎక్కువైందంటాండారు గదా. చెప్తే వీసా పోతాది, జైలు గూడా పడొచ్చు."

"ఆయప్ప తన చెయ్యే చెడిపోయిందనుకుంటాండాడు దస్తగిరీ."

"అనుకోనీ. నువ్వు చెప్తే కన్ను తిరిగొస్తాదా?"

రాదు. అయినా మరో నాలుగు రోజులు మాత్రమే ఆగగలిగాడు.

హమూద్ తన ఇంటి మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాఫీ గిన్నె తమ్ముడు నోటికి అందిస్తున్నాడు. చేతులకు ఏ దెబ్బా తగల్లేదు.

"మనవడిని ఎత్తుకోవడం మానేశాను," అన్నాడు హమూద్. "ఈ చేతిని ఇక నమ్మలేను."

వీరబ్రహ్మం నిలబడే చెప్పాడు. పనిముట్టు అరిగిందని, కొలవలేదని, కొలిచానన్నది అబద్ధమని. ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"ఎన్ని?" అన్నాడు హమూద్.

"పది."

"నేను అడిగాను కదా."

"అడిగారు."

హమూద్ కుడిచేతిని ముందుకు చాచి, ఉన్న ఒక్క కంటితో దాన్నే చూశాడు. అది వణకలేదు. తమ్ముడి చేతిలోని గిన్నె తీసుకుని, ఒక్క చుక్క తొణకకుండా కింద పెట్టాడు.

"వెళ్లిపో," అన్నాడు. "నా ముందుకు మళ్లీ రాకు."

ఫిర్యాదు చేయలేదు. వారం తిరక్కుండా తమ్ముడు వీసా రద్దు కాగితాలు తెచ్చాడు. వీరబ్రహ్మం సంతకం చేశాడు.

మస్కట్ బస్సు దగ్గర దస్తగిర్ పెట్టె అందిస్తూ అడిగాడు. "చెప్పి ఏం సాధించినావన్నా?"

వీరబ్రహ్మం పెట్టె అందుకుని బస్సెక్కాడు. ఇంట్లో అడిగితే ఎందుకొచ్చేశానని చెప్పాలో అతనికి ఇంకా తోచలేదు.