ఆవరణలో అన్న మాట

కాగితం మీది ఆ ఒక్క మాటా ఆయన నోట పలకడం లేదు. "ఉపసంహ" దాకా వచ్చేసరికి నాలుక మడతపడుతోంది. ఏడో తరగతితో బడి మానేసిన భార్య, ఒళ్ళో పిల్లకి పాలిస్తూనే మాటని ముక్కలు చేసి పలికించింది. ఉప. సంహ. రించు. పొద్దున్నుంచీ వాళ్ళింట్లో అదే పాఠం.

ఆయన లాండ్రీలో బాయిలర్ మనిషి. నాలుగు రోజుల కిందట పని మొదలయ్యే వేళకి ఆవరణలో బట్టల బుట్ట బోర్లించి, దాని మీదికెక్కి అందరికీ చెప్పాడు: బాయిలర్ అతుకు చెమట పోస్తోంది, ఇవాళ కాకపోతే రేపు పేలుతుంది అని. అంతే, ఇస్త్రీ హాలులో నలభై మందీ బయటే కూర్చున్నారు. మేనేజరు మెకానిక్కుని పిలిపించలేదు, కాగితం పంపాడు. ఎక్కడ అన్నావో అక్కడే, అదే బుట్ట ఎక్కి వెనక్కి తీసుకో, లేదంటే సాయంత్రానికి క్వార్టరు ఖాళీ చెయ్యి అని.

కాగితం తెచ్చిన గుమాస్తాని ఆమె అర్థం అడిగింది. అనలేదని బొంకడమా? కాదమ్మా, అన్నాను గానీ ఇప్పుడలా నమ్మడం లేదని నలుగురిలో ఒప్పుకోవడం, అన్నాడతను. "ఉమ్మి మింగినట్టే. కాకపోతే అందరూ చూస్తుండగా మింగాలి." నవ్వుకుంటూ పోయాడు.

అతుకేమైనా ఆరిందా అని ఆమె మొగుణ్ణి అడగలేదు. పిల్లకి దగ్గు తగ్గలేదు. ఈ చంటిదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోతాం అని మాత్రం అంది. అదే మాట అటు తిప్పీ ఇటు తిప్పీ అంటూనే ఉంది. చివరికి ఆయన తలూపాడు.

మధ్యాహ్నం బుట్ట ఎక్కాడు. ఆమె నేర్పిన చోటే ఆగి, నేర్పిన చోటే ఊపిరి తీసుకుని, తడబడకుండా అనేశాడు. పిల్లనెత్తుకుని బాయిలర్ గోడ పక్కన నిలబడి వింటున్న ఆమెకి రవ్వంత గర్వం కలిగింది.

బాయిలర్ గది తాళంచెవి తీసుకుని ఆమె పక్కనుంచి పోతూ, పెదవులు కదలకుండా అన్నాడు.

"పిల్లనెత్తుకుని గేటు అవతలికి పో. ఈ గోడ పక్కన నిలబడకు."

నలభై మందీ దులుపుకుని లేచారు. ఈమె పురిటికి పది రోజులు వండిపెట్టిన పక్కింటి అక్క కూడా లేచింది. బాయిలర్ గోడకి ఆనుకునే ఆవిడ ఇస్త్రీబల్ల.

"నీ మొగుడి నోటిదురద పుణ్యమా అని నాలుగు రోజులు నడుం వాల్చానే పిల్లా. మళ్ళీ ఎప్పుడు దురదపెడుతుందో కాస్త కనుక్కుని చెప్పు."

ఆమె అక్క మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. హాలు గుమ్మంలో గుమాస్తా అట్ట మీద కాగితం పెట్టుకుని, లోపలికి పోయేవాళ్ళ పేర్లు రాసుకుంటూ ఇటే చూస్తున్నాడు.

"ఏమే?"

"ఏం లేదక్కా."

వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. అక్క లోపలికి పోయింది.

ఆమె పిల్లతో గేటు దాటి, రోడ్డు కూడా దాటి నిలబడింది. వెనక బాయిలర్ కూత అందుకుంది. పిల్ల ఉలిక్కిపడితే ఒక చెవి తన గుండెకి అదుముకుని, రెండో చెవి అరచేత్తో మూసింది. తన చెవులు మూసుకోడానికి ఇంక చెయ్యి మిగల్లేదు.