పట్టాల ఇవతల దింపుడు కళ్ళం

చుండూరు దగ్గరి ఆ ఊరికి శ్మశానం పట్టాల అవతల ఉంది. పాడెను పట్టాల ఇవతల దించుతారు. పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలక్కపోతే ఎత్తుకుని పట్టాలు దాటుతారు. ఆడవాళ్ళు అక్కడి నుంచి ఇళ్ళకు మళ్ళుతారు.

నిరుడు పట్టాలు దాటే ఆ కాలిదారిలోనే రైలు కొట్టి సుమంత్ చనిపోయాడు. గూడ్సు వెళ్ళిపోయిందని అడుగు వేశాడు. పక్క లైనులో వస్తున్న ఇంకో రైలు ఆ గూడ్సు చాటున కనిపించలేదు. దారి మూసేయమని తల్లి బసవమ్మ రైల్వేవాళ్ళకు అర్జీ పెట్టింది. తండ్రి వీరరాఘవయ్య దాని మీద సంతకం పెట్టలేదు.

"మా నాన్న అటే పోయాడు. నన్నూ అటే తీసుకెళ్ళండి" అనేవాడు.

కంచె వేయడానికి మనుషులు వచ్చిన రోజే ఆయన పాడె కూడా అక్కడికి వచ్చింది. ఇంజనీరు పని ఆపించాడు. పాడె పట్టేంత సందు మిగిలి ఉంది.

"త్వరగా దాటించెయ్యండి. తర్వాత బిగిస్తాం" అన్నాడు.

వీరరాఘవయ్య తమ్ముడి కొడుకు కిషోర్ నిప్పుకుండ కింద పెట్టి, వంగి "పెదనాన్నా" అని పిలిచాడు. రెండోసారి పిలిచేటప్పుడు రైలు వచ్చింది. అది వెళ్ళేదాకా ఆగి మూడోసారి పిలిచాడు.

మోసేవాళ్ళు పాడె ఎత్తారు. బసవమ్మ వెళ్ళి సందులో నిలబడింది.

"ఇటు వద్దు. అండర్‌బ్రిడ్జి కింద నుంచి తీసుకెళ్ళండి."

ముందు కొమ్ము పట్టిన జగన్నాథరావు ఆమెకు తమ్ముడి వరస.

"అందులో మోకాలి లోతు నీళ్ళు అక్కాయ్. బావ లేచి తిడతాడు."

"తిట్టనీరా. లేస్తే అంతకంటే కావాల్సిందేముంది?"

"ఆయన కోరిక గదా పెద్దమ్మా. ఈ ఒక్కసారికి" అన్నాడు కిషోర్.

"మోసేవాళ్ళ మెడలు వంగి ఉంటాయి. డప్పు మోగుతుంటది. రైలొస్తే ఏంటి, పాడె వదిలి పరిగెత్తుతారా? వదలరు. మీ పెదనాన్నకి నేను చెప్పుకుంటాలే."

జగన్నాథరావు వచ్చిన దారి వైపు చూశాడు.

"పాడె వెనక్కి తిప్పకూడదక్కా."

"తిప్పొద్దు. రైలు కట్ట పక్కనే పొండి."

పాడె కట్ట వెంట కదిలింది. ఆడవాళ్ళు ఊళ్ళోకి మళ్ళారు. బసవమ్మ కదల్లేదు.

"బిగించండి బాబూ" అంది.

ఆఖరి కమ్మీకి బోల్టులు పడ్డాయి. ఆమె ఆ కమ్మీ పట్టుకుని నిలబడింది. అవతల వైపు నుంచి డప్పు వినిపించాక చెయ్యి తీసి ఇంటికి నడిచింది.