జగ్గయ్య కోసిన వంటగట్టు

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే తవిటమ్మ చేసే మొదటి పని వంటగట్టు తుడవడం. మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి నీళ్ళు, అందులో రెండు చుక్కలు సబ్బు. పీచు తగలనివ్వదు, యాసిడ్ సీసాని దగ్గరికి రానివ్వదు. పసుపు పడితే ఎండకముందే తీసేస్తుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె ఏదైనా సరే, కింద చెక్క లేకుండా ఆ తెల్లరాయి మీద పెట్టనివ్వదు. క్వార్ట్జ్ రాయి గీతకి ఓర్చుకుంటుంది గానీ వేడికి ఓర్చుకోదు. కన్నబిడ్డకి కూడా ఎవరూ అంత చాకిరీ చెయ్యరని మద్దిలపాలెంలో ఆ అపార్ట్‌మెంటంతా అనుకునేవారు. ఇలాంటి పనిమనిషి దొరకడం పూర్వజన్మ సుకృతమని ఇంటావిడ మంగాయమ్మ మురిసిపోయేది.

సుకృతమూ కాదు, చట్టుబండలూ కాదు. పగ.

ఆ గట్టు తవిటమ్మ మొగుడు జగ్గయ్య కోసిన ఆఖరి రాయి. సముద్రం మీద వేట మానేసి, దువ్వాడలో మంగాయమ్మ భర్త కొండలరావు షెడ్డులో రాళ్ళ కోతకి కుదిరాడు. కోసేటప్పుడు రాయి మీద నీళ్ళు పారుతుంటే దుమ్ము లేవదు. నీళ్ళయితే పని సాగదని, షెడ్డంతా బురదని కొండలరావు పైపు తీయించేశాడు. ఆ తెల్లటి దుమ్ములో కోసి కోసి జగ్గయ్య ఊపిరితిత్తులు బండబారిపోయాయి. శవం లేవకముందే, పేటంతా వింటుండగా, "బీడీలు తినేశాయండీ, పాపం" అన్నాడు కొండలరావు. జగ్గయ్య పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా షెడ్డు యజమానికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆ నోటితోనే దుమ్మని అనిపించాలని తవిటమ్మ అప్పుడే గట్టిగా అనుకుంది. అందుకే ఆయన జాలిపడి ఇంట్లో పనిస్తానంటే మారుమాట్లాడకుండా వచ్చింది.

వచ్చిన మొదటిరోజే గట్టు దగ్గింది. రెండు పొట్టి దగ్గులు, ఆ తర్వాత తడిసిన వలని ఇసకలో ఈడ్చినట్టు ఒక పొడుగుది. తవిటమ్మ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ దగ్గు పక్కన ఎన్నాళ్ళు పడుకుందని!

మంగాయమ్మకి అదేం వింత కాదు. సరిగ్గా పాలు పొంగే వేళకి దగ్గుతుందని మెచ్చుకునేది కూడా. పక్కింటి సూర్యకళ వచ్చి, "మీ గట్టుకి ఇంకా తగ్గలేదా వదినా? కాస్త వాము నీళ్ళతో తుడవకపోయారా" అని పంచదార పట్టుకుపోయేది. పడనిదల్లా కొండలరావుకే. కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తేసరికి వంటింట్లోంచి దగ్గు వినపడేది. ముద్ద గొంతు దిగేది కాదు. మనిషి సగమైపోయాడు.

ఒకరోజు కాలిపోతున్న పెనం తెచ్చి గట్టు మీద పెట్టబోయాడు. తవిటమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి బొబ్బలెక్కింది.

"పగిలిపోద్ది బాబూ."

"పగిలితే నీకేంటే? నా రాయి, నా ఇష్టం!"

"మీ రాయే బాబూ. నాను సూసుకుంతన్నాను కదా, నూరేళ్ళుంటాది."

నూరేళ్ళన్న మాటకి కొండలరావు మొహంలో నెత్తురుచుక్క లేదు.

మర్నాడే గట్టు కోసి తీసెయ్యమని షెడ్డు నుంచి గవర్రాజుని పిలిపించాడు. గవర్రాజు రాయికి చెవి ఆనించి విని, కట్టరు మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు. "జగ్గయ్య బావకి ఊపిరాడతంటే నానెలా కొయ్యగల్నండీ" అని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత పిలిచినా ఎవరూ రాలేదు.

చివరికి ఆదివారం పొద్దున్న కొండలరావే కట్టరు పట్టాడు. వయసులో చేసిన పనే. కోత మొదలవగానే వంటిల్లు తెల్లబడింది. నీళ్ళు పోసుకుంటూ కొయ్యమని చెబుదామా అని తవిటమ్మకి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"తలుపెయ్యవే తవిటమ్మా, హాల్లోకి దుమ్మొస్తోంది!" అని మంగాయమ్మ కేకేసింది.

తవిటమ్మ తలుపేసింది. ఒకరు చెప్పిన పని అంత ఇష్టంగా చెయ్యడం ఆమెకి అదే మొదలు.

లోపల రాయి రెండు ముక్కలైంది. దగ్గు ఆగిపోయింది. తవిటమ్మకి జగ్గయ్యని ఇంకోసారి పోగొట్టుకున్నట్టే అయింది. అంతలో కొండలరావు తలుపు తోసుకుని బయటికొచ్చాడు. కనురెప్పలతో సహా తెల్లగా ఉన్నాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. రెండు పొట్టి దగ్గులు, ఆపైన ఆ పొడుగుది.

"అయ్యో, ఏమైందండీ?" అని మంగాయమ్మ పరిగెత్తుకొచ్చి వీపు నిమిరింది. ఆయన గోడ పట్టుకుని జారి కూలబడ్డాడు. అది ఎవరి దగ్గో ఆయనకి తెలిసిపోయింది. ఇక తనని విడిచి పోదని కూడా తెలిసింది. తవిటమ్మ తనకి జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు.

"ఏటయ్యింది బాబూ?" అని ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"దుమ్ము..."

"ఇనబడనేదు బాబూ."

"దుమ్మే. జగ్గయ్యని... దుమ్మే తినేసింది."

"గట్టిగా అనండి. పక్కింటోలికి కూడా ఇనబడాల."

కొండలరావు గుక్క తిప్పుకుని అరిచాడు. సూర్యకళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి విన్నారు. అప్పుడు తవిటమ్మ లేచి వెళ్ళి ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.