బొడ్డుకు ఏం పెడ్తరు?

"బొడ్డు కోసినంక దాని మీద ఏం పెడ్తరు?"

"ఏం పెట్టం!"

పన్నెండు మంది మంత్రసానుల చేత ఈ రెండు మాటలు ఒక్క గొంతుతో అనిపించడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒకామె ముందే అనేసేది, ఒకామె అందరూ అయ్యాక అనేది, ఒకామె నవ్వేది. ఆ నవ్వే ఆమె మా అమ్మ కిష్టమ్మ. కోకాపేట చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న మనిషికి పంతొమ్మిదేళ్ల కూతురు పాఠం చెబితే నవ్వు రాక ఏమొస్తుంది? నాకు మాత్రం ఒళ్లు మండేది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. లింగంపల్లి స్టేషన్‌కి ఇవతల, రాళ్లగుట్టల మధ్య, మా యూనివర్సిటీ వాళ్లు నర్సింగ్ చదువులకని కొత్త భవనం కట్టారు. మేం మొదటి బ్యాచ్. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. పల్లెల్లోని మంత్రసానులకు కూడా ఇక్కడ శిక్షణ ఇస్తున్నామని ఆయనకు చూపించాలి. ఈ పక్క పిల్లనని, వాళ్ల మాట నాకు తెలుసని, వాళ్లను తయారుచేసే పని మా టీచర్ నాగేశ్వరి మేడం నాకు అప్పగించారు. మేడంది రాజమండ్రి. మనిషి మంచిదే గానీ, ప్రిన్సిపాల్ పేరు వింటే చాలు, కొంగు సర్దుకునేవారు.

శిక్షణ అంటే ఏముంది, ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిది జవాబులు. చేతులు ఎట్లా కడగాలి, బ్లేడు ఎంతసేపు మరగబెట్టాలి, బొడ్డుకు ఏం పెట్టాలి. ఎందుకు అనే పాఠం ప్రారంభోత్సవం అయ్యాక చెప్పుకోవచ్చులే అన్నారు మేడం. నేనూ సరే అన్నాను. "ఎందుకు పెట్టొద్దే?" అని అమ్మ ఒకసారి అడిగింది కూడా. "నీకెందుకు, చెప్పింది చెప్పు" అని కసిరాను. ఈ మాట రాయాలంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

శనివారం పొద్దున్నే అమ్మ మిగతావాళ్లతో కలిసి నడిచి వచ్చింది. రాగానే నన్ను పక్కకు లాగి, "అక్కకు సోమవారం కొడుకు పుట్టిండే" అంది. మా అక్క వీరలక్ష్మి తొలి కాన్పుకు మా ఇంట్లోనే ఉంది. మంత్రసానుల పాఠాలు పోయిన వారమే ముగిశాయి, మూడు వారాలుగా మమ్మల్ని హాస్టల్ దాటనివ్వలేదు కాబట్టి నాకు కబురు తెలియదు. గంతులేశాను. ఎవరి పోలిక, ఎంత బరువున్నాడు అని అడిగాను. ఒక నర్సు అడగాల్సింది మాత్రం అడగలేదు.

పదింటికి రావలసిన మంత్రిగారు పన్నెండున్నరకు వచ్చారు. నేను ప్రశ్నలడిగాను. మంత్రసానులు తడుముకోకుండా చెప్పారు. బొడ్డుకు ఏం పెడతారంటే పన్నెండు గొంతులూ "ఏం పెట్టం!" అన్నాయి. అన్నిటికంటే గట్టిగా అన్నది మా అమ్మే. చప్పట్లు మోగాయి. ప్రిన్సిపాల్ గారు నావైపు చూసి తలూపారు. నాకు రెక్కలొచ్చినంత పనయింది.

"అయితే మునుపు ఏం పెట్టేవాళ్లు?" అని మంత్రిగారు అడిగారు.

మేడం ముందుకొచ్చి, గోడకున్న పసిబిడ్డ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పారు. "పిడకల బూడిద అండి. కొందరు పేడ కూడా పెడతారండి. అందులోంచి ధనుర్వాతం క్రిములు బొడ్డులోకి పోతాయి. ఐదారు రోజులు బిడ్డ బాగానే ఉంటుందండి. ఆ తర్వాత దవడ బిగుసుకుపోతుంది, పాలు పట్టలేదు. ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో పోతుందండి."

మంత్రిగారు అయ్యో పాపం అని, ఉపన్యాసాలకు మేడ మీదికి వెళ్లారు. ఆయన వెనకే పెద్దలంతా వెళ్లారు. మంత్రసానులకు బన్ను, చాయ్ ఇస్తుంటే పదకొండు మంది లేచారు. అమ్మ లేవలేదు. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని ఆ బొమ్మవైపే చూస్తోంది.

"భూలక్ష్మీ, గామె చెప్పింది నిజమేనానే?"

"నిజమే."

"ఎన్నో దినమన్నది?"

అప్పుడు నాకు అర్థమైంది. సోమవారం నుంచి లెక్కపెట్టాను. ఇవాళ ఆరో రోజు.

"అమ్మా, అక్క కొడుక్కు ఏం పెట్టినవే?"

"ఎప్పుడు పెట్టేదే పెట్టిన బిడ్డా. పిడక బూడిద. ఈ చేతులతోనే."

"పెట్టొద్దని చెప్పిన గదనే!"

"గది పెద్దోళ్ల ముందట చెప్పే మాటనుకున్న."

నేను నేర్పింది అంతే కదా. మెట్ల మీద పూలదండల పళ్లెంతో నిలబడ్డ మేడం దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆమె ఒకసారి మేడ మీదికి చూశారు, ఒకసారి మా అమ్మ వైపు చూశారు. పళ్లెం అక్కడే మెట్టు మీద పెట్టేసి, కొత్త అలమార తాళం తీసి మందుల సంచీ అందుకున్నారు.

బయట కొత్త అంబులెన్సు ఉంది, ముందు భాగానికి ఎర్ర రిబ్బను కట్టి. భోజనాలయ్యాక మంత్రిగారు దాన్ని కత్తిరించాలి. డ్రైవరు సాయిలు చేతులు జోడించాడు. "రిబ్బను కోయకుండ బండి కదిలితే నా నౌకరి పోతది మేడం."

ప్రిన్సిపాల్ అంటే వణికే ఆ నాగేశ్వరి మేడం రిబ్బను ముడి విప్పి, చింపకుండా తీసి, క్రోటన్ మొక్క మీద వేశారు. "వచ్చాక మళ్లీ కడదాం. ఎక్కు!" అన్నారు. సాయిలు ఎక్కాడు.

కోకాపేట బాటలో బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతోంది. అమ్మ స్ట్రెచరు మీద కూర్చోకుండా కిందే కూర్చుంది.

"పొద్దుగాల పాలు తాగిండా?" అన్నాను.

"ఏమో. నేను తెల్లారకముందే ఎల్లిన. పండుకొని ఉండె."

"ఏడ్చిండా?"

"రాత్రంత ఏడ్చిండు. పొద్దుగాల ఏడ్వలే."

పొద్దున్న ఏడవలేదంటే కడుపు నిండి పడుకున్నాడా, నోరు తెరవలేక ఊరుకున్నాడా? అడగడానికి ఇంకేం మిగల్లేదు. ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. సాయిలు హారన్ కొడుతూనే ఉన్నాడు, అవి తీరిగ్గా దాటుతూనే ఉన్నాయి. నేను ఆ గొర్రెలను, కాపరిని, మంత్రిని, నన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఆమె అట్లా కూర్చోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే అక్క ఏడుపు గొంతుతో, "అమ్మా, పొద్దుటి సంది పాలు పడ్తలేడే. నోట్లె పెడితే మొకం తిప్పుకుంటుండు" అంది.

అమ్మ గడపలోనే కూలబడింది. లోపలికి రాలేకపోయింది.

మేడం సబ్బుతో చేతులు కడుక్కున్నారు. నాకు ఆ కడుక్కోవడం ఏడాదంత అనిపించింది. పిల్లవాణ్ని ఒళ్లోకి తీసుకుని చిటికెన వేలు వాడి పెదవుల మధ్య పెట్టారు. వాడు కదల్లేదు. వేలు ఇంకాస్త లోపలికి పెట్టారు. అప్పుడు వాడి దవడ కదిలింది. వేలును చిగుళ్లతో పట్టి గట్టిగా చప్పరించాడు. పాలు రాలేదని తెలిసి నోరంతా తెరిచి కేకపెట్టాడు. అంత అందమైన నోరు నేను మళ్లీ చూడలేదు.

అక్కకు పాలు గడ్డకట్టి, రొమ్ము రాయిలా అయి, వాడి నోటికి అందలేదంతే. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, కొంచెం పాలు పిండి పట్టిస్తే గుటకలు వేశాడు. మేడం వాడి బొడ్డు మీద నల్లగా కట్టిన బూడిదను స్పిరిటుతో తుడిచి, ఇంజెక్షను ఇచ్చారు. ఇంకో పది రోజులు భయం ఉందని, రోజూ వచ్చి చూస్తానని చెప్పారు. వాడు బతికాడు. మిమ్మల్ని పరేషాన్ చేయడమెందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆ పది రోజులు నేను మాత్రం నిద్రపోలేదు.

మేడం బండివైపు నడిచారు. అక్క నవ్వుతూ ఏడుస్తోంది. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. గడపలో నుంచి లేవకుండానే అడిగింది.

"మరి నీలమ్మ పోరగాండ్లు?"

నీలమ్మ మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. ముగ్గురు కొడుకులు పుట్టారు. ముగ్గురికీ అమ్మే కాన్పు చేసింది. ముగ్గురూ పాలు పట్టక, కొయ్యబారి, ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో పోయారు. గాలి సోకిందన్నారు ఊళ్లో. ఆమె పాలల్లోనే విషముందని అత్తింటివాళ్లన్నారు. మొగుడు ఇంకో పెండ్లి చేసుకుని ఆమెను పుట్టింటికి పంపేశాడు. ఇప్పుడు ఎవరి పిల్లల్నీ ఆమె ముట్టుకోదు.

నాకు మళ్లీ భయం పట్టుకుంది, పొద్దుటి కంటే పెద్ద భయం. ఈ సంగతి బయటపడితే ఊరు అమ్మను బతకనిస్తుందా?

"గది వేరే జబ్బమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

"ఏడికే?"

"ఆమె పాలు మంచియేనని చెప్పాలె."

"కొడ్తరమ్మా. సంపుతరు. నీ కాళ్లు మొక్కుత, ఆగు" అంటూ కొంగు పట్టుకున్నాను. నా వేళ్లు ఒక్కొక్కటీ విడిపించుకుని నడిచింది. నేను వెనకే వెళ్లాను. తలుపు వేసి ఉంది.

"నీలమ్మా, జర బయటికి రా బిడ్డా."

లోపల చప్పుడు ఆగింది. తలుపు వెనక నుంచే నీలమ్మ గొంతు వినిపించింది.

"నేను రాను కిష్టమ్మత్తా. మీ ఇంట్ల పసిపోరడున్నడు. నా నీడ నీ మీద పడొద్దు."

అమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.