పురుగుల సాక్ష్యం

“అంకె పెరిగింది,” అన్నాడు డాక్టర్ వాసుదేవ.

మునిశామప్ప చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీది కుట్ల మచ్చకు పోయింది. పోయిన ఏడాది, అంటే ఎనభై మూడులో, పెద్దపేగులోని కేన్సర్ గడ్డ తీసేశారు. అప్పట్నించీ అప్పుడప్పుడూ రక్తపరీక్ష. సి.ఇ.ఎ. అని దాని పేరు. గడ్డ ఉంటే రక్తంలో ఆ అంకె పెరగవచ్చు, తీసేస్తే తగ్గుతుంది. తగ్గింది కూడా. ఇప్పుడు మళ్ళీ రెట్టింపయింది.

వాసుదేవ చింతామణివాడే. వారమంతా బెంగళూరు ఆసుపత్రిలో పని, ఆదివారం మాత్రం చింతామణిలో సొంతింటి వరండాలో రోగులను చూస్తాడు. మునిశామప్ప, భార్య వెంకటలక్ష్మమ్మ చాకవేలు నుంచి మొదటి బస్సుకే వచ్చారు.

“గడ్డ మళ్ళా వచ్చినట్టేనా డాక్టరప్పా?” అందామె.

“అప్పుడే చెప్పలేమమ్మా. పొగ తాగేవాళ్ళకీ ఇది కొంచెం పెరుగుతాది. మునిశామప్పా, బీడీ మళ్ళా మొదలుపెట్టినారా?”

మునిశామప్ప నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

“బీడీనా! ఇంట్లో పట్టుపురుగులుండాయప్పా. బీడీ పట్టుకున్న చేత్తో ఆకు వేస్తే చాలు, తలలెత్తి కక్కుకుని చస్తాయి. ఈ పంటలో ఒక్కటన్నా చచ్చిందా? పట్టుగూళ్ళు ఇంతింత లావు! తోట నుంచి వస్తే నీళ్ళు పోసుకోకుండా, పంచె మార్చకుండా పురుగుల గదిలో అడుగుపెట్టడు ఈ మనిషి. నా తలమీద చెయ్యిపెట్టి ప్రమాణం చేసినోడు!”

డాక్టరు నిట్టూర్చాడు. “అట్లయితే రేపే బెంగళూరులో చేరండి. కడుపు మళ్ళా తెరిచి చూడాల్సిందే.”

మునిశామప్ప భార్య వంక చూశాడు, డాక్టరు వంక చూశాడు. నిజం చెబితే భార్య తలమీద చేసిన ప్రమాణం తప్పినవాడు. చెప్పకపోతే కత్తి.

“పొద్దున ఏమీ తినొద్దు. పరగడుపునే రావల్ల...”

“తాగినాను!”

డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“తోటలో, మోటారు షెడ్డు వెనక,” అన్నాడు మునిశామప్ప తల వంచుకుని. “పురుగులు పట్టిస్తాయనే నీళ్ళు పోసుకునేది. తులసాకు నమిలేది.”

వెంకటలక్ష్మమ్మ లేచింది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు.

“నిజంగా తాగినావా?”

“తాగినానే.”

“ఎన్ని? ఒకటా, రెండా?”

“దినానికొక కట్ట.”

“కట్టేనా? ఇంకా ఎక్కువేమన్నా ఉండాదేమో, బాగా గుర్తు చేసుకోయ్యా!” ఆమె మొహం నిండా ఆశ.

“సంతనాడు రెండు.”

“దేవుడా! రెండు కట్టలంట డాక్టరప్పా!” ఏడుస్తూనే నవ్వేసింది. అంతలోనే భర్త వైపు తిరిగింది. “నా తలకేమీ కాలేదు. నీ తల సంగతి ఇంటికి పోయినాక!”

వాసుదేవ నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకునేసరికి మొహం గంభీరమైంది. “ఇప్పుడే సంబరపడొద్దు. బీడీ వల్లనే పెరిగిందని రుజువు కాలేదు. పూర్తిగా మానండి. వచ్చే పంట గూళ్ళు దించినాక మళ్ళా రక్తం తీస్తా. తగ్గకపోతే కోత తప్పదు.”

ఆ రోజు నుంచి మునిశామప్ప పడక పురుగుల గదిలో, తట్టల పక్కన. ఇంట్లో చట్టం కూడా తిరగబడింది.

“నీళ్ళు పోసుకోకుండా నేరుగా గదిలోకి రా.”

“పొరపాటున వాసనేమన్నా ఉంటే పంటంతా పోతాది కదమ్మే!”

“పోనీ. పురుగులు చచ్చినా మళ్ళా తెచ్చుకుంటాం. నువ్వు బతకల్ల.”

దాంతో అతను బీడీ జోలికి పోలేదు. పురుగులూ చావలేదు. వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ ఆకు మేశాయి, గూళ్ళు కట్టాయి. గూళ్ళు సంతకు, మునిశామప్ప రక్తం బెంగళూరుకు పోయాయి.

మరో ఆదివారం. అదే వరండా. వాసుదేవ రిపోర్టు మీంచి తలెత్తగానే ఇద్దరూ ముందుకు వంగారు.

“తగ్గింది. పాత అంకెకే వచ్చింది. ఇప్పటికి కత్తి అక్కర్లేదు. పరీక్ష మాత్రం మానొద్దు.”

మునిశామప్ప మచ్చ మీది చెయ్యి తీసేసి డాక్టరుకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. వెంకటలక్ష్మమ్మ సంచీలోని చెనక్కాయలన్నీ బల్ల మీద గుమ్మరించింది. తర్వాత కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“డాక్టరప్పా, ఆ రక్తంలో ఇంకేమేమి తెలుస్తాయి? పేకాట తెలుస్తాదా?”

“లెయ్యిమే, బస్సు పోతాది!”

మునిశామప్ప అప్పటికే వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాడు.