కుంచె ఆరిన చోట

పాల ప్యాకెట్ కత్తిరించబోయి ఆగాను. దానిమీద "తాజా" అన్న అక్షరాలు నావి. "జా" మధ్యలో తెల్లగా చీలిన గీత కూడా నాదే. అది గీస్తుండగా మామగారు మందుబిళ్లల కోసం పిలిచారు. వెళ్లొచ్చేసరికి కుంచె సగం ఆరిపోయింది. మళ్లీ రంగులో ముంచే ఓపిక లేక అలాగే లాగేశాను.

మా ఫాంటంతా అలా పుట్టిందే. మా అనకూడదేమో, మావారిది. నేను కాగితాలమీద గీసిన అక్షరాలను ఆయన స్కాన్ చేసి, కంప్యూటర్లో ఎక్కించి, తన పేరే పెట్టుకున్నారు. సినిమా పోస్టర్లు, కాఫీపొడి డబ్బాలు, పుస్తకాల అట్టలు, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. ముందుగదిలోని ఆయన ఆఫీసుకొచ్చినవాళ్లు "ఈ గరుకుదనం ఎలా తెచ్చారండీ?" అని మురిసిపోతుంటే, "కావాలనే కుంచె ఆరనిచ్చాం" అంటారు. టీ కప్పులు అందిస్తూ వింటుంటాను. ఆరనిచ్చింది కుక్కర్ విజిళ్లు, కాలింగ్ బెల్లు, అత్తయ్య కేకలు. "ఆ రంగుల పని ఎక్కడికీ పోదులే అమ్మాయ్, ముందు అన్నం సంగతి చూడు" అనేవారు. అదేమో ఊరంతా తిరుగుతోంది. నేనే ఎక్కడికీ పోలేదు.

వాటిలో ఒక "మ" ఉంది. అది గీసేటప్పుడు నాకు ఐదో నెల. చివరి గీత దగ్గర నడుములో కలుక్కుమంది. "అత్తయ్యా, ఏదోలా ఉంది" అన్నాను. "అంతసేపు వంగి కూర్చుంటే నొప్పి రాదూ మరి? చుట్టాలొచ్చే వేళయింది, పద" అన్నారు. వంట ముగించాను. అందరికీ వడ్డించాను. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. "ఈసారికి ఇంతే అనుకో" అన్నారు ఆయన నా చెయ్యి పట్టుకుని. ఖాళీ అయిన కడుపుతో ఇంటికొచ్చేసరికి నా బల్లమీది కాగితాలన్నీ స్కానైపోయి ఉన్నాయి.

అందరికీ ఆ "మ" చివరి గీతంటేనే ఇష్టం. వణికి, పక్కకు జారి, పొడిబారి ఆగిపోయిన గీత. పసిపిల్లల బట్టల దుకాణంవాళ్లు దాంతోనే "మురిపెం" అని పెద్ద బోర్డు పెట్టుకున్నారు. ఆ వీధిన వెళ్లాల్సొస్తే తల దించుకుని నడుస్తాను. అయినా ఏడుపొస్తుంది.

ఇవాళ పాలు స్టవ్ మీద పెట్టానో లేదో, ఆయన నా కొత్త కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. అదే ఫాంటుకి లావు అక్షరాలు కావాలంటే కొన్నాళ్లుగా గీస్తున్నాను. మామగారు పోయారు. అత్తయ్య మంచానపడి, గొంతు తగ్గిపోయింది. పిలిచేవాళ్లు లేక అక్షరాలన్నీ నున్నగా వస్తున్నాయి.

"మిగతావాటికి గరుకు నేను కంప్యూటర్లో తెప్పిస్తాలే. ఈ 'మ' ఒక్కటే కుదర్లేదు. పాతదాన్లో వణుకు ఉంది చూడు, అది రావాలి. ఇంకోసారి గియ్యి, నీకు వెన్నతో పెట్టిన విద్యే కదా!"

పాలు పొంగబోతున్నాయి. స్టవ్ కట్టేసి ఆయన వైపు తిరిగాను.

"అది మళ్లీ గియ్యను. పాతదాన్ని కూడా తీసెయ్యండి."

"నీకేమైనా మతిపోయిందా? అదొక్కటీ లేకుండా ఎలా?"

"లేకుండా నేను బతకట్లేదూ?"